తుమ్మెద దాచిన కాటు

గుట్ట కింద సుంకులమ్మ గొర్రెల దొడ్డి ఉంది. చుట్టూ ముళ్లకంప కంచె, ఒక మూల నీళ్ల తొట్టి, దాని పక్కనే ఎద్దు కొట్టం. అరవై గొర్రెలున్న ఆ దొడ్డికి కాపలా అంతా తుమ్మెదదే. నల్లటి కుక్క, ఆరేళ్ల వయసు. అది కాపలాకి దిగాక గుట్ట మీది నక్కలు ఒక్క పిల్లనైనా ఎత్తుకుపోయింది లేదు. ఆ మాట తుమ్మెద తనంతట తాను చెప్పుకోదు గానీ, ఎవరైనా అంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుని వింటుంది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం గుట్ట మీంచి ఒక నక్క దిగి వచ్చింది. పట్టపగలు నక్క రావడమే వింత. పైగా అది పొంచలేదు, ఆగి వాసన చూడలేదు. తోక వేలాడేసి, చొంగ కారుస్తూ, తూలుతూ నేరుగా దొడ్డి మీదికే వచ్చింది. గొర్రెలన్నీ హడలిపోయి అవతలి కంచె దగ్గరికి పరుగెత్తాయి. తుమ్మెద అడ్డం పడింది. ఎంత మొరిగినా ఆ నక్క వెనక్కి తగ్గలేదు, అసలు విన్నట్టే లేదు. రెండూ దుమ్ములో దొర్లాయి. చివరికి దాన్ని వాగు గట్టు దాటేదాకా తరిమి, తుమ్మెద రొప్పుకుంటూ తిరిగొచ్చింది.

అప్పుడు చూసుకుంది. వెనక కాలి మీద చిన్న గాటు. రెండు చుక్కల నెత్తురు.

"ఏమైందే తుమ్మెదా, కుంటుతున్నావు?" అని అడిగింది ఈరక్క. మందలో అందరికంటే పెద్ద గొర్రె అది. నెల కిందటే ఈనింది.

"ఏం లేదక్కా. ముల్లు గుచ్చుకుంది."

అబద్ధం ఎందుకు ఆడిందో తుమ్మెదకే తెలియలేదు. కాపలా కుక్క కాటు తిన్నదంటే నామోషీ అనిపించిందేమో. ఆ నక్క నడక మాత్రం కళ్లముందు నుంచి పోలేదు.

మర్నాడు పొద్దున్నే కంచె బయట బండ మీద గుట్టయ్య కూర్చుని కనిపించాడు. గుట్ట మీది నక్కలకు పెద్ద. ఎవరి గుట్టు ఎక్కడ దొరుకుతుందా అని చూసుకోవడమే అతని బతుకుతెరువు.

"కాలు ఎలా ఉంది చెల్లెమ్మా?" అన్నాడు.

"ఏ కాలు?"

"నిన్న మావాడు పట్టిన కాలు. ఇక్కడి నుంచే అంతా చూశాలే. వాడికి నాలుగు రోజులుగా గుక్కెడు నీళ్లు గొంతు దిగలేదు. కన్నతల్లినే కరవబోయాడు. ఇప్పుడు వాగులో చచ్చి పడున్నాడు."

తుమ్మెద కంచె దగ్గరికి వచ్చింది. "పిచ్చి పట్టిందా వాడికి?"

"మెల్లగా మాట్లాడు. నేనెవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నీకు తెలీదూ? మొన్న కింది ఊళ్లో ఒక కుక్క చొంగ కార్చిందట. కర్రలు పట్టుకుని వీధి వీధంతా లేచింది. దానికి పిచ్చా, పంటినొప్పా అని చచ్చాక కూడా ఎవరూ అడగలేదు."

"నీకేం కావాలి?"

"ఈరక్క పిల్ల బొద్దుగా ఉంది. రేపు మధ్యాహ్నం సుంకులమ్మ అన్నానికి ఇంటికి పోగానే నేను కంచెకి తూర్పున ఉన్న సందులోంచి వస్తా. నువ్వు అటు తిరిగి పడుకో, చాలు. ఒక్క పిల్లే కదా! నీ సంగతి నాతోనే ఉండిపోతుంది."

తుమ్మెద గుర్రుమంది. గుట్టయ్య బెదరలేదు. "ఆలోచించుకో చెల్లెమ్మా. తొందరేం లేదు, రేపటిదాకా టైముంది" అని బండ దిగి పోయాడు.

ఆ పొద్దు తుమ్మెద కూడు ముట్టలేదు. మాటిమాటికీ తొట్టి దగ్గరికి వెళ్లి ఒక గుక్క నీళ్లు తాగి చూసుకుంది. దిగుతున్నాయి. హమ్మయ్య అనుకుంది. కాసేపటికి మళ్లీ భయం, మళ్లీ తొట్టి.

పొద్దెక్కాక ఈరక్క పిల్ల ఎప్పటిలాగే వచ్చి దాని పొట్టకు ఆనుకుని పడుకుంది. "తుమ్మెదత్తా, ముల్లు ఊడిందా?" అంటూ ఆ గాటునే నాకబోయింది.

తుమ్మెద ఒక్క ఉదుటున లేచి పళ్లు బయటపెట్టింది. పిల్ల బెదిరి వెల్లకిలా పడి, లేచి, అరుచుకుంటూ తల్లి దగ్గరికి పరుగెత్తింది.

"పసిదాని మీద పడతావేమే? ఏం చేసింది నిన్ను?" అని ఈరక్క కేకలేసింది.

 నక్కకి పిల్లను ఇవ్వకపోయినా, రేపో ఎల్లుండో ఈ పళ్లే దాన్ని పొట్టన పెట్టుకుంటాయని తుమ్మెదకి అప్పుడు తోచింది. నక్క ఎత్తుకుపోయేది ఒక్క పిల్లనే. తనకు పిచ్చెక్కితే మందలో ఎన్ని మిగులుతాయి?

తిన్నగా కొట్టంలోకి నడిచి బొల్లయ్య ముందు దూరంగా నిలబడింది. బొల్లయ్య ముసలి ఎద్దు, దొడ్డిలో అందరికీ తాత.

"తాతా, నాది ముల్లు కాదు. కాటు."

బొల్లయ్య నెమరు ఆపేశాడు. "నిన్న వచ్చినవాడిదా?"

"ఆఁ. చిన్నదే తాతా. ఎండిపోయింది కూడా."

"నా జోడెద్దుకూ చిన్నదే" అన్నాడు బొల్లయ్య. "వీధికుక్క మూతి మీద కరిచింది. చింతగింజంత గాటు. వారంలో మానిపోయింది, మేమూ మరిచిపోయాం. నలభై రోజులు గడిచాయి. ఒక పొద్దున వాడి అరుపు మారింది. బొంగురుగా, ఆగకుండా ఒకటే అరుపు. మేత నోట్లో పెట్టుకుంటాడు, మింగలేడు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని సుంకులమ్మ మొగుడు నోట్లో చెయ్యి పెట్టి వెతికాడు. మూడో రోజుకి వాడు పోయాడు. ఆ మనిషి వెంటనే ఆస్పత్రికి వెళ్లి వరసగా సూదులు వేయించుకున్నాడు కాబట్టి బతికాడు."

 "నేనూ అంతేనా?"

"పశువుల డాక్టరు ఇక్కడే నిలబడి చెప్పాడు. పుండు మానినా లోపలి విషం మానదట. నరం పట్టుకుని మెల్లగా తలవైపు పాకుతుందట. తలకెక్కకముందే సూది పడితే ఆగుతుంది. ఎక్కాక ఎవరూ ఏమీ చెయ్యలేరట."

"ఎన్నాళ్లకి ఎక్కుతుంది?"

"అది తెలీదనే చెప్పాడు. అందుకే ఆలస్యం చెయ్యొద్దన్నాడు."

"సుంకులమ్మ కర్ర తీసుకుంటే?"

 "తీసుకోదని నేను చెప్పలేను తల్లీ" అన్నాడు బొల్లయ్య.

తుమ్మెద దొడ్డి మధ్యలోకి వెళ్లి అంతా చెప్పేసింది. కాటు, అబద్ధం, గుట్టయ్య బేరం, ఏదీ దాచలేదు. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడుతూ వెనక్కి జరిగాయి. ఈరక్క మాత్రం జరగలేదు. "ఇందాక నా పిల్లను అందుకేనా తరిమావు?" అంది. తుమ్మెద తల వంచుకుంది.

సాయంత్రం మేత వెయ్యడానికి వచ్చిన సుంకులమ్మ ముందు అది వెల్లకిలా పడుకుని కాలు చాపింది. ఆమె వంగి చూసి, పంటి గాటని గుర్తుపట్టింది. ముఖం నల్లబడింది. గబగబా లేచి వెళ్లి గోడకి ఆనించిన కర్ర దగ్గర ఆగింది. తుమ్మెద కళ్లు మూసుకుంది.

కాలి మీద చల్లటి నీళ్లు పడ్డాయి. సుంకులమ్మ చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, సబ్బు రుద్దుతూ, బిందెలకు బిందెలు ఒకటే పోసింది. ఆ కర్రను దూరంగా పాతి తుమ్మెదను గొలుసుతో దానికి కట్టేసి, డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన వచ్చి సూది వేశాడు. "పోయినేడు టీకా వేయించావు కాబట్టి ధైర్యం చెప్పగలుగుతున్నా. మిగతా సూదులు చెప్పిన రోజుకి పడాలి. నలభై అయిదు రోజులు దేన్నీ దగ్గరికి రానివ్వకు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గుట్టయ్య తూర్పు సందులోంచి తల పెట్టాడు. తుమ్మెద అటు తిరిగి పడుకుని ఉంది. మెడలోని గొలుసు అతనికి కనిపించలేదు. బేరం కుదిరిందనుకుని లోపలికి దూరాడు. ఈరక్క తన పిల్లకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో. లేదంటే మీ కుక్క బండారం బయటపెడతా!"

"పెట్టు."

"దాన్ని పిచ్చినక్క కరిచింది!" అని గుట్టయ్య దొడ్డంతా వినబడేలా అరిచాడు.

గొర్రెలు మేత మేస్తూనే ఉన్నాయి. "నిన్ననే చెప్పింది" అంది ఒకటి.

గుట్టయ్య వెనక్కి తిరిగాడు. సందుకి అడ్డంగా బొల్లయ్య నిలబడి ఉన్నాడు. పొట్టేళ్లు రెండు తల వంచి వచ్చి ఒక్కటిచ్చాయి. నక్క ఎగిరి ముళ్లకంపలో పడి, సగం బొచ్చు అక్కడే వదిలి గుట్టెక్కింది.

అయినా ఆశ చావలేదు. రోజూ బండ మీదికొచ్చి, "ఇవాళ నీళ్లు దిగాయా చెల్లెమ్మా?" అని అరిచేవాడు. తుమ్మెద బదులివ్వకుండా తాగి చూపించేది. లోపల మాత్రం ప్రతి పొద్దునా ఆ మొదటి గుక్క దిగేదాకా భయం పోయేది కాదు. పిల్ల దూరం నుంచే, "దిగాయా అత్తా?" అని అడిగేది. ఆ మాటకి మాత్రం తోక ఊపేది.

నలభై ఆరో పొద్దున సుంకులమ్మ గొలుసు విప్పింది. తుమ్మెద తొట్టి దగ్గరికి కూడా పోలేదు. కంచె దాటి నేరుగా బండ వైపు దూకింది. ఆ రోజు పారిపోయిన గుట్టయ్య మళ్లీ ఆ గుట్ట మీద ఎవరికీ కనబడలేదు.

కాటును దాచుకున్నంతసేపూ మన ప్రాణం బెదిరించేవాడి గుప్పిట్లో ఉంటుంది.