టాబితా ఎవరి కూతురు?

రెండేళ్ళుగా రోవెనాను ఒకటే ప్రశ్న తినేస్తోంది. టాబితా ఎవరి కూతురు?

టాబితా చనిపోయి రెండువందల ఏళ్ళు దాటింది. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న రోజుల్లో, మేరీలాండ్‌లో, సముద్రపు పాయ ఒడ్డున పొగాకు పండించే ఊళ్ళో బతికింది. ఆమె మొగుడి పేరు దొరికింది. పిల్లల పేర్లు దొరికాయి. మొగుడి ఆవులు ఏ రంగువో కూడా దొరికింది. ఆమె పుట్టింటి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆ ఊళ్ళో క్వేకర్ల మందిరం ఒకటి ఉంది. క్వేకర్లకు పూజారి ఉండడు. ఆదివారం అందరూ బల్లల మీద మౌనంగా కూర్చుంటారు. లోపల ఏదైనా కదిలినవాళ్ళు లేచి చెబుతారు, లేకపోతే లేదు. ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు, నువ్వనే అంటారు. మనుషులందరూ ఒకటే అనడానికి వాళ్ళు ఎంచుకున్న పద్ధతి అది.

మందిరం వెనక గదిలో పాత దస్తావేజులుంటాయి. వాటిని చూసుకునేది ఆమోస్. డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. చిరిగిన పుస్తకాలకు బైండింగు చేస్తూ ఉంటాడు. పాత వీలునామాలు చదవడం నేర్చుకోవాలని రోవెనా అతని దగ్గరికి వచ్చింది. వచ్చిన రోజే చెప్పింది:

"చరిత్రంటే గెలిచినవాళ్ళు రాసుకున్న దస్తావేజు, ఆమోస్. నేను ఓడినవాళ్ళ పక్షాన చదవడానికి వచ్చాను."

"మంచిది," అన్నాడు ఆమోస్. "ముందు చేతులు కడుక్కుని రా. జిడ్డంటితే కాగితం ఏ పక్షానా నిలబడదు."

ఆమె మాటలు ఎక్కడెక్కడి పుస్తకాల్లోంచో వచ్చినవి. కోపం మాత్రం సొంతమే. ఆ కోపంలో తప్పేమీ లేదు. ఒక మనిషి అరవై ఏళ్ళు బతికి, ఏడుగురు పిల్లల్ని కని, మొగుడు పోయాక పద్దెనిమిదేళ్ళు పొలం నడిపించి, చివరికి మొగుడి వీలునామాలో 'నా ప్రియమైన భార్య' అనే మూడు మాటల్లో మిగిలిపోతే ఎవరికైనా కోపం రావాలి. రానివాళ్ళతోనే ఇబ్బంది.

టాబితా ఈ మందిరంలో కూర్చున్న మనిషే. పెళ్ళీ ఇక్కడే అయి ఉంటుంది. ఆ ఏళ్ళ పెళ్ళిళ్ళ పుస్తకం ఎప్పుడో వానకు తడిసి ముద్దయింది. ఇప్పుడు మందిరంవాళ్ళు ఆమె పేరున ఒక రాయి వేయిద్దామనుకున్నారు. రాతి మీద 'ఫలానావారి కూతురు' అని ఉండాలి. అలా ఉండాలని పట్టుబట్టింది మిరియం. టాబితా వంశంలో మిగిలింది ఆవిడ ఒక్కతే. తొంభై ఒక్కేళ్ళు.

ప్రతి ఆదివారం మిరియం చేతికర్ర ఆనించి అడిగేది: "దొరికిందా, రోవెనా?"

"ఇంకా లేదు, మిరియం."

"త్వరగా కానీ. ఇంకొన్నాళ్ళు పోతే నేనే వెళ్ళి ఆవిణ్ణే అడిగేస్తాను."

చివరికి ఒక గురువారం ఉదయం రోవెనా పెద్ద కాగితం చుట్ట చంకన పెట్టుకుని వెనక గదిలోకి వచ్చింది. ఆమోస్ కిటికీ దగ్గర కూర్చుని ఒక పుస్తకం వీపు కుడుతున్నాడు.

"దొరికింది," అంది.

"చెప్పు."

"ముగ్గురిలో ఎవరో ఒకరు టాబితా తండ్రి అయి ఉండాలి అనుకున్నాం గదా. అతను జెరార్డ్ హాల్‌ఫోర్డ్. అతని వీలునామాలో కూతురి పేరు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ పక్కన పెట్టాం. 'నా చిన్న కూతురికి' అన్నాడంతే. గుర్రం పేరు రాశాడు మహానుభావుడు, కూతురి పేరు రాయలేదు."

"గుర్రం పేరు గుర్తుంది," అన్నాడు ఆమోస్ సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఆ చిన్న కూతురికి ఏమిచ్చాడు? ఒక పరుపు, ఒక ఇత్తడి పాత్ర, డైనా అనే బానిస పిల్ల. అతను పోయాక ఇంట్లో ఉన్నవన్నీ జాబితా రాశారు. అందులోనూ డైనా ఉంది. 'ఎనిమిదేళ్ళు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు.' అది గుర్తుపెట్టుకో."

"పెట్టుకున్నాను."

"ఇప్పుడు ఇరవై మూడేళ్ళు దాటు. టాబితా మొగుడు నథానియల్ పైక్ పోయాడు. అతని ఇంట్లోనూ జాబితా రాశారు. ఎర్ర ఆవు, ఇనప కుండ, డైనా అనే ఆడమనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి, ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు."



"డైనాలు ఊరికి పదిమంది ఉంటారు. రెండు వేళ్ళు లేని డైనా ఒక్కతే. హాల్‌ఫోర్డ్ ఇంటినుంచి పైక్ ఇంటికి ఆ పిల్ల ఎలా వచ్చింది? కొత్తకోడలి వెంట వచ్చింది. టాబితా హాల్‌ఫోర్డ్ కూతురు. ఆ రెండు వేళ్ళు పోయి ఉండటం మన అదృష్టం, ఆమోస్."

ఆమోస్ చేతిలో సూది ఆగింది.

దాన్ని పక్కన పెట్టి అన్నాడు: "సరిగ్గా చదివావు. ఎవరు అడ్డు ప్రశ్నలు వేసినా ఇది నిలబడుతుంది."

రెండేళ్ళుగా రోవెనా ఎదురుచూసిన మాట అది.  చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. ఆదివారం మందిరంలో చదవబోయే వంశపటం. నల్లసిరాతో గళ్ళు, గళ్ళలో పేర్లు. పైన హాల్‌ఫోర్డ్, అతని భార్య. కింద కొడుకు ఎడ్వర్డ్. పక్కన ఎర్రసిరా గడిలో టాబితా. ఆమె కింద ఏడుగురు పిల్లలు, వాళ్ళ పిల్లలు, అలా దిగుతూ దిగుతూ చివర్న మిరియం. కుడివైపు అంచున, నిలువునా, సన్నటి అక్షరాలతో: 'ఆధారం: డైనా, రెండు వేళ్ళు.'

"చేతిరాత బాగుంది," అన్నాడు ఆమోస్. "అంచే కొంచెం ఎక్కువైంది."

ఇనప బద్ద తీసి కాగితం మీద ఆనించాడు. పుస్తకాల అంచులు సరిచేసే కత్తితో పైనుంచి కిందికి ఒక్క గీత లాగాడు. డైనా పేరున్న ముక్క విడిపోయి బల్ల మీద పడింది.

రోవెనా బల్ల మీదికి వంగింది.

"ఏం చేశావు నువ్వు?"

"గళ్ళలో ఉన్నవాళ్ళనెవర్నీ ముట్టుకోలేదు. చూసుకో, అందరూ ఉన్నారు. ఆదివారం చదువు."

"ఎలా చదవను? దేన్ని పట్టుకుని చెప్పను? నా ఆధారమంతా అందులోనే ఉంది."

"ఎందులో?"

"నువ్వు కోసిన ముక్కలో."

"అది అంచు కదా," అన్నాడు ఆమోస్.

ఆమె ముఖం ఎర్రబడింది. "పాఠం చెప్పాలంటే నోటితో చెప్పవచ్చు. నా పని కోయక్కర్లేదు. నేను ఎవరి పక్షమో నీకు తెలుసు. ఆదివారం ఉపన్యాసంలో బానిసత్వాన్ని మొదటి పేజీలోనే ఖండించాను. మనుషులంతా ఒకటే అనే మందిరంలో కూర్చుని మనుషుల్ని పంచుకున్నారని రాశాను. చదివావా?"

"చదివాను. బాగా ఖండించావు."

 రోవెనా కోసిన ముక్కను చేతిలోకి తీసుకుంది. వేలెడు వెడల్పు లేదు.

"జిగురు ఇవ్వు. అతికించుకుంటాను."

"ఇస్తాను," అన్నాడు ఆమోస్. "దానికి ముందు హాల్‌ఫోర్డ్ వీలునామా ఇంకోసారి నకలు రాసుకుని రా. ఈసారి చుక్కలు పెట్టకుండా."

పాత వీలునామాలకు నకలు రాసేవాళ్ళందరూ చేసేదే అది. మూలంలో పనికిరాని మాటలు వచ్చినచోట వదిలేసి మూడు చుక్కలు పెడతారు. దేవుడి స్తుతులు, పొలం సరిహద్దులు, చెప్పిందే చెప్పడాలు. అన్నీ రాస్తూ కూర్చుంటే ఒక జీవితం చాలదు. రోవెనాకు ఈ పద్ధతి నేర్పింది ఆమోసే. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, అనలేదు.

అసలు వీలునామా తీసి, బల్లకు అవతలివైపు కూర్చుని మొదలుపెట్టింది. దేవుడి పేరున, ఆమెన్. దేహము వ్యాధిగ్రస్తమైనను బుద్ధి స్థిరముగా నున్న నేను. కలం కాగితాన్ని గీరుతోంది. పిండిమర, మర పక్క పొలం, ఓక్ చెట్టునుంచి వాగు దాకా. ఎడ్వర్డ్‌కు పెద్ద గది, గుర్రం. గుర్రం పేరు. ఆమోస్ కుడుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

కలం చప్పుడు ఆగిపోయింది.

పక్కనే ఆమె పాత నకలు ఉంది. అందులో ఆమె చేతిరాతతో ఇలా ఉంది: 'నా చిన్న కూతురికి ఒక పరుపు, ఇత్తడి పాత్ర, … డైనా …'

మూలంలో ఇలా ఉంది: 'నా చిన్న కూతురికి ఒక పరుపు, ఇత్తడి పాత్ర, జూడిత్ కూతురు డైనా, జూడిత్‌ను మాత్రం నా కొడుకు ఎడ్వర్డ్‌కు.'

అక్షరాలు చెదిరిపోలేదు. సిరా వెలిసిపోలేదు. పురుగు తినలేదు. సొంత కూతురి పేరు రాయని హాల్‌ఫోర్డ్, డైనా ఎవరి కూతురో స్పష్టంగా రాశాడు.

రోవెనా ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత కలం సిరాలో ముంచి, ఉన్నది ఉన్నట్టు రాసింది. జిగురు అడగలేదు. కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం మందిరం నిండింది. రాయి సంగతి తెలిసి పొరుగూళ్ళవాళ్ళు కూడా వచ్చారు. మిరియం ముందు బల్ల మీద కూర్చుంది. మంచి గౌను వేసుకుంది. బాగా వినిపించే చెవిని రోవెనా వైపు తిప్పుకుంది.

అరగంట మౌనం. ఎవరో దగ్గారు. కిటికీ అవతల గాలికి తలుపు కొట్టుకుంది.

రోవెనా లేచింది. పన్నెండు పేజీల ఉపన్యాసం సిద్ధం చేసుకున్న మనిషి చేతిలో ఒక్క కాగితమే ఉంది. హాల్‌ఫోర్డ్ వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. 'జూడిత్‌ను మాత్రం' దగ్గరికి వచ్చింది. ఆగి, మళ్ళీ చదివింది.

"ఆ చిన్న కూతురు మన టాబితా," అంది. "టాబితా హాల్‌ఫోర్డ్ కూతురు. డైనా ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు కాబట్టి మనకిది తెలిసింది. ఆ వేళ్ళు ఎలా పోయాయో ఎవరూ రాయలేదు. డైనా జూడిత్ కూతురు. ఈ వాక్యాన్ని నేను రెండేళ్ళ కిందటే చదివాను. జూడిత్ పేరున్నచోట చుక్కలు పెట్టుకున్నాను."

కూర్చుంది.

 రోవెనాకు మిరియం వైపు చూడాలంటే భయమేసింది. తొంభై ఒక్కేళ్ళ మనిషి. తన వంశపు ముత్తవ్వ ఎవరి కూతురో చెబుతారని మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. ఆవిడకు ఇవాళ చెప్పింది ఇది.

చేతికర్ర నేలకు తగిలిన చప్పుడైంది. మిరియం లేవలేదు. కూర్చునే అడిగింది.

"ఆ ఎడ్వర్డ్ ఇల్లు ఎక్కడ?"

రోవెనాకు తెలియదు. టాబితా అన్న ఇల్లు ఎక్కడో వెతకాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. వెనక బల్ల వైపు తిరిగి చూసింది.

"పాయకు అవతల," అన్నాడు ఆమోస్. "చుట్టూ తిరిగి పోతే పన్నెండు మైళ్ళు."

 దూరాన్ని మనసులో కొలుస్తున్నట్టు మిరియం పెదవులు కదిలాయి.

"ఎనిమిదేళ్ళ పిల్ల నడవగలదా, ఆమోస్?"

"నడవగలదు," అన్నాడు ఆమోస్. "నడవనిస్తే."