ఈతవనంలో పూలపొగ

పొగమంచు దుప్పటి కప్పుకుని పడుకునే ఒక కొండలోయలో ఈతవనం అనే అడవి ఉండేది. అందులో ఏనుగులు, ఎలుగుబంట్లు, ఉడుతలు, తేనెటీగలు ఉండేవి. వాటన్నిటికీ పెద్ద గుండప్ప అనే ఏనుగు.

ఆ అడవిలోనే మబ్బి అనే ఎలుగుబంటి తన రెండు పిల్లలతో కాలం గడిపేది. పూతకాలంలో అది చెట్ల కింద వెల్లకిలా పడుకుని, అలా పైకి చూస్తూ ఉండిపోయేది. మగ ఈతచెట్ల పూగుత్తుల నుంచి పుప్పొడి లేచేది. గాలిలో పొగలా తేలి తేలి, ఆడచెట్ల పూల మీద మెల్లగా వాలేది. చూస్తూ చూస్తూనే మబ్బి నిద్రలోకి జారుకునేది.

ఒక ఏడు వానలు పడలేదు. పండ్లు మోసి మోసి ఆడచెట్లు వాడిపోయాయి. మగచెట్లు మాత్రం పచ్చగా నిలిచాయి.

గుండప్పకు కోపం వచ్చింది. "ఇవి ఒక్క పండూ కాయవు. నీళ్ళు మాత్రం తాగేస్తున్నాయి. ఈ సోమరిచెట్లు మనకెందుకు?" అన్నాడు.

"తొందరపడకు మామా," అంది మబ్బి. "పండు మోసే చెట్టుకు అలసట ఎక్కువ. పిల్లల్ని మోసినదాన్ని, నాకు తెలుసు. ఈ చెట్ల పుప్పొడి పడితేనే ఆ చెట్లు కాస్తాయి."

"పగలు నిద్రపోయేదానివి, నీకేం తెలుసు?" అని గుండప్ప తన కంటబడిన మగచెట్లన్నీ కూల్చేశాడు.

మరుసటి ఏడు ఆడచెట్లు పూశాయి. కానీ పుప్పొడి ఏది? పూలు పూసినవి పూసినట్టే రాలిపోసాగాయి. పిల్లల ఆకలి తలుచుకుంటే మబ్బికి కాలు నిలవలేదు.

కొండ మీద, ఏనుగు ఎక్కలేని రాళ్ళ మధ్య ఒక మగచెట్టు మిగిలి ఉంది. మబ్బి తెల్లవారగానే అక్కడికి వెళ్ళి, చెట్టెక్కి పూగుత్తులకు ఒళ్ళంతా రుద్దుకుంది. నల్లటి బొచ్చు లేత పసుపురంగుకు తిరిగింది. కిందికి వచ్చి, ఒక్కొక్క ఆడచెట్టే ఎక్కుతూ పూలకు ఒళ్ళు రాసింది. ముళ్ళు గుచ్చుకున్నా ఆగలేదు. పదో చెట్టు దిగగానే ఓపిక లేక కూలబడింది.

వేసవిలో ఆ పది చెట్లే కాశాయి. మబ్బి పిల్లలు కడుపునిండా తిన్నాయి. గుండప్ప ఎండుబెరడు నమిలి చిక్కిపోయాడు. ఒకరోజు తలవంచుకుని వచ్చి నిలబడ్డాడు. మబ్బి రెండు గెలలు అతని ముందు పెట్టింది.

"వాగు పక్కన ఈతమొలకలు లేచాయి. నీళ్ళు పోసి పెంచుతాను. వాటిలో మగవి ఏవో చెప్పు," అన్నాడు గుండప్ప.

"పూత పూసేదాకా ఎవరికీ తెలియదు మామా," అంది మబ్బి.

గుండప్ప వాగులోకి దిగి, తొండం నిండా నీళ్ళు తీసుకుని, ఒక్క మొలకనూ వదలకుండా తడపడం మొదలుపెట్టాడు.

నీతి: ఫలం కంటికి కనబడనంత మాత్రాన ఎవరి పనీ తక్కువ కాదు.