చిట్టితోక దాహం

కొండ పక్కన ఒక సారా పాక ఉండేది. ఆ పాక గోడ కింద ఎలుకల గుంపు ఒకటి కాపురం ఉండేది.

పాకలో ఇప్పసారా నిలవచేసే పెద్ద కుండ అడుగున సన్నగా బీట వారింది. అందులోంచి ఉండుండి ఒక చుక్క నేల మీద పడేది.

ఆ చుక్కని పెద్ద ఎలుకలూ నాకి చూశాయి. నాలుక మండేసరికి మూతి తుడుచుకుని గింజల దగ్గరికి పోయాయి. కుర్ర ఎలుకలకి మాత్రం ఆ మంటే నచ్చింది. మగవి పోటీలు పడి తాగాయి, తూలాయి, ఒకదాని చెవులు ఒకటి కొరుక్కున్నాయి. పెద్దలు బెదిరిపోయి వాటికి కాపలా పెట్టారు.

ఆడపిల్లల మీద ఏ కాపలా లేదు. వాటిలో చిట్టితోక అనేది ఆ చుక్క దగ్గరికి అందరికన్నా ఆలస్యంగా వెళ్లింది, అందరికన్నా తక్కువ తాగింది.

"అది ఆడపిల్ల. ఓ చుక్క నాకి వచ్చేస్తుంది, దానికేం" అన్నాడు గుంపుకి పెద్దయిన తాత.

వానలు వచ్చి వెళ్లేసరికి మగపిల్లలు ముదిరాయి. గూళ్లు కట్టుకునే పనిలో పడి చాలామటుకు ఆ చుక్కని మరిచిపోయాయి. చిట్టితోక మరిచిపోలేదు. కాస్తంతతో మొదలైన దాని దాహం అందరి దాహాన్నీ దాటిపోయింది. చుక్క పడకముందే వెళ్లి బీట కింద మూతి పెట్టుకుని కూర్చునేది. గింజలు ముట్టడం మానేసింది. ఒళ్లు చిక్కింది, బొచ్చు రాలింది.

అప్పుడు తాత "సిగ్గులేనిది" అన్నాడు. చిట్టితోకని పెంచిన అవ్వ మాత్రం రోజూ దాని ముందు రెండు గింజలు పెట్టేది.

ఒక సంతరోజున పాకవాళ్లు పొద్దున్నే వెళ్లిపోయారు. చిట్టితోక ఎంతకీ ఇంటికి రాకపోవడంతో అవ్వ వెతుక్కుంటూ పాకలోకి వచ్చింది. చూపు సరిగా ఆనని ముసలిది, నేరుగా మూలనున్న చెక్కబోనులోకి నడిచింది. వెనక తలుపు పడిపోయింది.

ఆ చప్పుడుకి చిట్టితోక తలెత్తింది. తూలుకుంటూ బోను దగ్గరికి వెళ్లి చెక్కని కొరకడం మొదలుపెట్టింది.

చెక్క గట్టిది. కాసేపటికి చిగుళ్లు నొప్పెట్టాయి. వెనకనుంచి చుక్క పడిన చప్పుడు వినిపించింది. చిట్టితోక ఆగింది. వెళ్లి తాగింది, అక్కడే సోలిపోయింది. కళ్లు తెరిచేసరికి ఎండ వాలుతోంది. బోనులో అవ్వ అలాగే కూర్చుని ఉంది.

చిట్టితోక తల దించుకుని వచ్చింది.

"తిట్టవా అవ్వా?"

"దేనికి? దాహం వేసింది, వెళ్లావు. మళ్లీ వచ్చావు కదా."

చిట్టితోక మళ్లీ కొరికింది. మళ్లీ చుక్క పడింది. కాళ్లు వాటంతట అవే అటు నడిచాయి. మీసాలకి తడి తగిలింది. నాలుక చాపబోయి, బోనువైపు చూసింది. ఆ తడిని నేలకి రాసేసి వెనక్కి తిరిగింది.

"ఇంటికి పో తల్లీ. పాకవాళ్లు వచ్చే వేళయింది" అంది అవ్వ. "నాకెలాగూ ముసలితనం. నువ్వు చిక్కితే నేను చూడలేను."

"నువ్వు మాట్లాడకు అవ్వా. మాట్లాడితే నా ధ్యాస పోతుంది."

ఆ తర్వాత కూడా చుక్కలు పడుతూనే ఉన్నాయి. పడిన ప్రతిసారీ చిట్టితోక చెవులు అటు తిరిగాయి. పళ్లు మాత్రం చెక్కని వదల్లేదు. ముందుపన్ను విరిగింది. విరిగిన పన్నుతోనే కొరికింది. దూరాన మనుషుల మాటలు వినిపించేవేళకి చెక్క పగిలి, అవ్వ పట్టేంత సందు ఏర్పడింది. ఆ పక్కనే పడుతున్న చుక్కని దాటుకుని ఇద్దరూ గోడ కిందికి వచ్చేశారు.

గుంపంతా చుట్టూ చేరింది. చిట్టితోక మూతినిండా నెత్తురు చూసి తాత దగ్గరికి వచ్చాడు.

"నిన్ను అనకూడని మాట అన్నాను పిల్లా" అన్నాడు. "పాకలోకి వెళ్లే కన్నాన్ని ఇప్పుడే మూసేయిస్తాను. ఇక నీకా బాధ ఉండదు."

అప్పటికే కుర్రవి మట్టిపెళ్లలు తెస్తున్నాయి.

"మూయకండి తాతా" అంది చిట్టితోక.

"అదేమిటి? నీ దాహం తీరిపోయిందా?"

"లేదు. ఇప్పుడు కూడా వాసన వస్తోంది."

"మరి?"

"మూసేస్తే, నేను వెళ్లడం మానేశానో, వెళ్లలేకపోతున్నానో నాకెప్పటికీ తెలియదు."

"మరి పిల్లల సంగతి?"

"వాళ్లు వస్తే ఎదురుగా నేనుంటాను. తక్కువే తాగుతోంది కదా అని ఎవర్నీ వదిలేయను."

తాత అవ్వవైపు చూశాడు. అవ్వ తల ఊపింది. మట్టిపెళ్లలు తెచ్చినవి తెచ్చినచోటే ఆగిపోయాయి.

ఆ సాయంత్రం చిట్టితోక గింజలు రెండు నమిలి, కన్నం ముందు ఒళ్లు వాల్చింది. లోపల చుక్కలు పడుతూనే ఉన్నాయి. దాని మొహం అటువైపే ఉంది.