కడగని ఇసుక

ఈ రెండు దిమ్మలూ విరిగిన చోట చూడండి. ఏం కనిపించిందో చెప్పండి. ఊరికే తల ఊపకండి, నోటితో చెప్పండి.

పగులు అంటారు. నలభై ఏళ్ల కిందట నూకరాజూ అదే అన్నాడు.

అప్పుడతను కారి పోలేశు దగ్గర ఫైబర్ పడవల పని నేర్చుకుంటున్నాడు. ఇంజను కూర్చునే దిమ్మను రెజిన్ జిగురులో ఇసుక కలిపి పోసేవారు. పోలేశు ఆ ఇసుకను మంచినీళ్లతో ఏడుసార్లు కడిగి, ఎండబెట్టి, మూకుట్లో వేయించేవాడు. చల్లారాకే కలిపేవాడు.

"అన్నం వండుతున్నావా మావా?" అని నవ్వేవాడు నూకరాజు. "బలమంతా జిగురుది. ఇసుకదేముంది?"

పోలేశు గరిటె తిప్పుతూనే ఉండేవాడు. మూకుట్లో ఆ గరగరలు నూకరాజుకి ఇప్పటికీ వినబడతాయి.

ఒక ఏడు, సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి నాలుగు రోజులుందనగా పోలేశు పొరుగూరు వెళ్లాడు. నూకరాజు తన అన్న పడవకి తానే దిమ్మ పోశాడు. ఒడ్డు మీద ఇసుక తెచ్చింది తెచ్చినట్టే కలిపేశాడు. పైకి అద్దంలా వచ్చింది. మిగిలిన ముద్దతో చిన్న దిమ్మ పోసి గురువు కోసం దాచి, వేటకి ముందురోజు అతను తిరిగి రాగానే చూపించాడు.

"చూడు మావా. కడగలేదు, వేయించలేదు. రేపు మా అన్న దీంతోనే వేటకెళ్తాడు."

పోలేశు తన పాత దిమ్మ ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు. సుత్తి తీశాడు. నూకరాజుది ఒక్క దెబ్బకే విరిగింది. తనది ఆరో దెబ్బకి.

"ఏం కనబడతంది?"

"పగులు."

"కళ్లు పెట్టి చూడరా."

నూకరాజు తన దిమ్మను గోటితో గీకాడు. ఇసుక రేణువులు అరచేతిలో రాలాయి. ఒక్కదానికీ జిగురు అంటలేదు. అవి ఊడిన చోట నున్నటి గుంటలు. గురువు దిమ్మను గీకితే గోరు విరిగింది గాని రేణువు రాలేదు.

"రాలింది నాలిక మీద వేసుకో."

ఉప్పగా ఉంది.

"ఇసుకా గట్టిదే, జిగురూ గట్టిదే. మరి విరిగిందెక్కడరా?"

నూకరాజు అరచేతిలోని రేణువునీ, అది ఊడిన గుంటనీ మార్చి మార్చి చూశాడు. ఉలి తీసుకుని అన్న పడవ దగ్గరికి నడిచాడు. తొలి వేట పోయిందని అన్న తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. అతను తల ఎత్తకుండా దిమ్మ తవ్వుతూనే ఉన్నాడు.

వాళ్లు పడవలు కట్టిన షెడ్డును సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది. పోలేశూ లేడు. మూకుడు మిగిలింది. పని నేర్చుకుంటానని వచ్చిన ప్రతివాడి ముందూ నూకరాజు ఈ రెండు దిమ్మలే పెడతాడు. పోలేశు అడిగిందే అడుగుతాడు.

మీరైతే ఏం చెబుతారు, విరిగిందెక్కడ?