పీరమ్మ పేరు

ఒక్క వాక్యం చేర్చేసరికి ఇమామయ్య పుస్తకమంతా గందరగోళమైంది.

వచ్చే శుక్రవారం దర్గాలో ఉరుసు. ఆ రోజు తెర మీద చూపిస్తూ చదవడానికి, కాలం చేసిన మౌలాలి స్వామి బోధలను అతను కంప్యూటర్లో సిద్ధం చేశాడు. స్వామి మాటలు ఎరుపు, తన వివరణ నలుపు. ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా ఎరుపు ఉండాలో లెక్కపెట్టి మరీ ప్రోగ్రాం రాశాడు. మూడు నెలల పని. కాస్త గర్వం ఉండదా మరి!

గురువు దస్తగిరి తాత అంతా చూసి, మొదట్లో ఒక వాక్యం పెట్టమన్నాడు: "ఈ మాటలన్నీ విని, రాసి, దాచింది పీరమ్మ."

పెట్టాడు. అక్షరాలు ముందుకు జరిగాయి, రంగులు పాత లెక్క దగ్గరే ఉండిపోయాయి. స్వామి మాటలు సగం నల్లబడ్డాయి. ఇమామయ్య వివరణేమో స్వామి చెప్పినంత ఎర్రగా మెరిసింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

తాత వసారాలో, సమాధి మీద కప్పే చాదర్ కోసం పూలు కడుతున్నాడు.

"ఆ వాక్యం తీసేద్దాం తాతా. పీరమ్మవ్వకు చూపు పోయింది. ఎట్టాగూ కనపడదు."

తాత కోప్పడలేదు. చేతిలోని మల్లెదండ చూపించాడు. మధ్యలో ఒక్కటే గులాబీ.

"గులాబీ ఎన్నోదిరా?"

"పదకొండోది."

దండ మొదట్లో మిగిలిన దారానికి తాత ఇంకో మూడు మల్లెలు కట్టాడు.

"ఇప్పుడు?"

"పద్నాలుగోది."

"లెక్క మారిందని గులాబీ చోటు మారిందా?"

ఇమామయ్య దండ చేతిలోకి తీసుకున్నాడు. గులాబీకి అటూ ఇటూ అవే మల్లెలు. ముడి ఎక్కడ వేశారో అక్కడే ఉంది.

ఇంటికెళ్లి లెక్కలన్నీ చెరిపేశాడు. ఏ మాట రంగును ఆ మాటకే ముడేశాడు. సరిచూడ్డానికి పీరమ్మ పాత నోటుబుక్కులు మళ్లీ తీశాడు. ముప్పై ఏళ్ల రాత. చివరి పుస్తకాల్లో గీతలు దాటి వంకరపోయిన అక్షరాలు, అయినా ఒక్క మాటా వదల్లేదు. తనకు తెలిసిన స్వామి అంతా ఈ కాగితాల్లోంచి వచ్చినవాడే. కళ్లు చెమర్చాయి.

మర్నాడు తాత తెర వైపు చూశాడు. మొదటి వాక్యం నల్లగా ఉంది, అందులో పీరమ్మ పేరు మాత్రం ఎర్రగా ఉంది.

"అవ్వకు కనపడదంటివి గదరా?"

"నాకు కనపడాల తాతా."