పన్నెండు దగ్గర నిలిచిన ముల్లు

గరికవలస రాజావారి రేడియో మూగబోయింది. దానికి కరెంటిచ్చే పవర్ సప్లై పెట్టె మీద ముల్లు పన్నెండు వోల్టులు చూపిస్తోంది. కాబట్టి తప్పు రేడియో బాగుచేసిన అప్పలకొండదేనని రాజావారు తేల్చారు. కొలువంతా "చిత్తం" అంది.

అప్పలకొండ పెట్టెకు మల్టీమీటరు పెట్టి చూశాడు. సున్నా.

"ఇందులోంచి కరెంటే రావట్లేదు బాబూ."

"మా ముల్లు అబద్ధమాడుతుందా? నీ మీటరే దొంగది. నీ దుకాణం మూయిస్తాను!"

అప్పలకొండ పెట్టె మీద వోల్టులు పెంచి తగ్గించే నాబ్ అటూ ఇటూ తిప్పాడు. ముల్లు కదల్లేదు. గోడ దగ్గరి ప్లగ్గు పీకి రాజావారి చేతిలో పెట్టాడు.

రాజావారు దివాను వైపు చూశారు.

"ఇప్పుడూ పన్నెండే ప్రభూ," అన్నాడు దివాను ముల్లు చూసి.

"ముల్లుని కోప్పడకండి బాబూ," అన్నాడు అప్పలకొండ. "తమ కొలువులో చాన్నాళ్లుగా ఉంది కదా. లోపల ఏమీ లేకపోయినా అంతా బాగుందనడం అలవాటైపోయింది."