గుమ్మం పక్క గుత్తి

ఫ్రాన్సు దేశంలో ద్రాక్షతోటల నడుమ ఒక పల్లె. ఆఖరి గుత్తి ఎవరి దగ్గర తెగితే ఆ వాకిట్లోనే కోతల విందు జరగడం అక్కడి ఆనవాయితీ. గాస్పార్ దొర తన తోటను చివర్లో కోయించేవాడు కాబట్టి విందు ఏటా కోటలోనే. కోతకు రాలేనివాళ్లకు పిలుపుండదు.

మొగుడు పోయి, నడుం వంగిన మార్సెలీన్‌కు మిగిలింది గుమ్మం పక్క ఒకే ద్రాక్షతీగ. ఆకులు ఎర్రబడే ఆ రోజుల్లో, కోటలోంచి వచ్చే నవ్వులు వింటూ ఒక్కతే చారు తాగేది.

ఆ ఏడు విందులో దొర కొత్త ద్రాక్షసారా పీపా మూత తీయబోతుంటే మార్సెలీన్ కర్ర ఊతంతో వచ్చింది.

"దొరా, నా తీగకు ఒక గుత్తి ఉండిపోయింది."

"వెళ్లి కోసెయ్!"

"కోస్తే అదే ఆఖరిది. బల్లలన్నీ నా వాకిట్లోకి రావాలి."

"అయితే కొయ్యకు!"

"అలాగే. మరి ఆ మూత తియ్యకండి. ఊళ్లో ఒక్క గుత్తి మిగిలున్నా కొత్త సారా ముట్టకూడదన్నది తమరి శాసనమే."

ఆమెది కోశాక కోయడానికి ఒక్క గుత్తయినా మిగిలిందేమోనని దొర తన తోటంతా వెతికించాడు. ఒక్కటీ వదలొద్దని కోయించింది తనే, ఇంకెక్కడ దొరుకుతుంది? చేసేది లేక బల్లలు, పీపాతో సహా ఊరంతా మార్సెలీన్ వాకిట్లోకి కదిలింది.

"ఊఁ, కొయ్యి!" అని దొర కత్తెర అందించాడు.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ముందు అందరూ భోంచెయ్యండి దొరా. ఇప్పుడే కోసేస్తే, తాగేసి వెళ్లిపోతారు."